టర్కీ పిల్లకు ప్రార్థన నూనె

ఆరాలి. తాహేరా ఆటో దిగే లోపు ఇది ఆరాలి, ఆరి కళ్ళు తెరవాలి, తెరిచి ఒక్కసారైనా కీ అనాలి, అంతకంటే ఎక్కువేమీ అడగను ప్రభువా, ఈ ఆదివారానికి నా ప్రార్థన ఇదొక్కటే. పెరట్లో బట్టలుతికే బండ మీద కాళ్ళు బారజాపుకొని కూర్చున్నాను. ఒళ్ళో మా ఆయన పాత బనీను ముక్క, ఆ ముక్కలో పిడికెడంత టర్కీ కోడిపిల్ల, దాని మీద ముసురు తెరిపిచ్చాక వచ్చిన కొత్త ఎండ. ఎన్నాళ్ళ తర్వాతో పొద్దు మొహం చూపించింది, అదీ నిండుగా కాదు, మబ్బుల సందులోంచి ఒకసారి ఇటు ఒకసారి అటు తొంగి చూస్తోంది. ఎండ ఎటు జరిగితే అటు నేనూ బండ మీద జరుగుతున్నాను. గోడ మీంచి ఎవరైనా చూస్తే, బిక్షమ్మకు ఏం పుట్టింది, ఆదివారం గుడికి పోకుండా బండ మీద కుప్పిగంతులేస్తోంది అనుకుంటారు. అనుకోనీ. మా చర్చిని మేము గుడి అనే అంటాం, గుడి మా వాడ చివరే, మైకు మాత్రం మా పెరట్లోనే ఉన్నట్టు మోగుతుంది. పాట మొదలైంది, డోలక్ వినిపిస్తోంది, ఆ డోలక్ మా ఆయన బెంజమిన్ చెయ్యి. పెళ్ళైన నాటి నుంచి వింటున్న చెయ్యి. ఇవాళ ఆ చేతికి కుదురు లేదు, పాట నిదానంగా నడుస్తుంటే డోలక్ ముందుకు ఉరుకుతోంది, పాడేవాళ్ళు దాని వెనక పరుగెత్తలేక ఆయాసపడుతున్నారు. ఆయన ప్రాణం ఇక్కడే ఉంది, ఈ బనీను ముక్కలో. పైకి మాత్రం, కోడిపిల్ల కోసం ఇంత ఆగమా అని నన్ను కసురుకొని పోయాడు పొద్దున.

గోడవతలి తాహేరా ఇందాకే ఫోన్ చేసింది. పాలమూరు బస్సు ఆత్మకూర్‌లో దించిందట, ఆటో కోసం చూస్తోందట. కొత్త జిల్లాలయ్యాక మాది వనపర్తి జిల్లా అన్నారు, కాగితాల మీద ఏమన్నా రాసుకోనీ, మా నోటికి పెద్ద దవాఖాన అంటే పాలమూరే. పిల్ల ఎట్లున్నదక్కా అని అడిగింది, అడిగింది దాని కూతురు ఉమేరా కన్న పిల్ల గురించి కాదు, ఆ పిల్ల దాని కళ్ళ ముందే ఉంది కదా, ఈ పిల్ల గురించి. నువ్వు రా, చూద్దువు, అన్నాను. అబద్ధం కాదు. నిజం కూడా కాదు. మా దిక్కు ఆటోలు నిండితే గాని కదలవు, వెనక నిండినా కదలవు, డ్రైవర్ పక్కన అటొకరు ఇటొకరు వేలాడితేనే కదులుతాయి, ఇన్నేళ్ళు ఆ ఆటోవాళ్ళను తిట్టని రోజు లేదు, ఇవాళ అదే నోటితో దీవిస్తున్నాను. నింపు నాయనా, మెల్లగా నింపు, ఇంకో మనిషి వస్తాడేమో చూడు, చాయ్ తాగి రా.

దీని రెక్క కింద వేలు పెట్టి చూశాను. ఇంకా తడే. నూగు ముళ్ళు ముళ్ళుగా లేచి ఉంది, కుంకుడుకాయ వాసన, దాని కింద కొబ్బరినూనె వాసన, రెండుసార్లు కడిగినా పోలేదు మాయదారి వాసన. ఊపిరి ఆడుతోంది. కళ్ళు మూసుకునే ఉంది, రెప్పలు తెల్లగా కింది నుంచి పైకి మూసుకుంటాయి దీనికి, మనకు పై నుంచి కిందికి, ఇంతకాలం కోళ్ళతో బతికి ఈ సంగతి ఇప్పుడు చూస్తున్నాను. కోడిని చేతిలో పెట్టుకొని తీరిగ్గా చూసిందెప్పుడు? పట్టుకున్నామంటే కోయడానికే. బడిలో మధ్యాహ్నం వంట చేసేదాన్ని నేను, పిల్లలకు వారానికి ఇన్ని గుడ్లు అని ఉడకబెట్టి ఒలిచి పెడతాను, గుడ్డు లోపల కళ్ళు, రెప్పలు, ఇంత చిన్న గుండె ఉంటాయని తెలుసు గాని తెలిసినట్టు లేదు. వేలి కింద గుండె టకటకా కొట్టుకుంటోంది, మా ఆయన డోలక్ కంటే తొందరగా.

నీ యేసు మీద భారమేసి పోతున్న, అంది తాహేరా, ఈ పిల్లను నాకు అప్పగించిన పొద్దున. అదే, ఆ మాటే నా కొంప ముంచింది. పొద్దున్నే గోడవతల నిలబడి, బురఖా వేసుకొని, సంచి భుజానికి తగిలించుకొని, వెదురు గంప గోడ మీద పెట్టింది. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఛాతీ ఎత్తు గోడ, ఆ గోడ మీంచి ఉప్పు, చింతపండు, పెరుగు తోడు, పుకార్లు, ఏది దాటలేదు గనక. కాని ఆ పొద్దున దాకా, ఈస్టర్ నుంచి ఆ పొద్దున దాకా, ఏదీ దాటలేదు. మాటే లేదు. అట్లాంటిది ఉన్నట్టుండి గోడ మీద గంప. ఉమేరాకు నొప్పులు మొదలైనయంట, అని చెప్పింది, ఎన్నో ఏళ్ళకు నిలిచిన కడుపు, ఎదురు మాట్లాడే సమయమా అది. తాహేరా మొగుడు బషీర్ లారీ మీద ఏ దేశంలో ఉన్నాడో వాడికే తెలియదు. పెద్ద టర్కీలకు గింజలు చల్లితే చాలునట, గంపలో ఉన్న దానికే కష్టమట, కుక్కలు తల్లిని ఎత్తుకుపోయాయి, పిల్లల్లో ఇదొక్కటే మిగిలింది. "నాకు ఇంకెవ్వరున్నరక్కా, నీ యేసు మీద భారమేసి పోతున్న," అని వెనక్కి చూడకుండా పోయింది. వెనక వీధిలో ఆడబిడ్డ ఉంది దానికి, ఇంటి నిండా మేకలు, కోళ్ళు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టనే లేదు. నాకు తట్టిందల్లా ఒకటే, అది నా మీద భారం వేయలేదు. నా మీద వేసి ఉంటే, చచ్చిపోతే పోనీ, నా పరువే కదా పోయేది, ఊళ్ళో నా పరువు పోవడం కొత్తా. ఆయన మీద వేసింది. ఇది చచ్చిందంటే రేపు వాడలో ఏమనుకుంటారు? తాహేరా ఒక్కమాట అనదు, అనకుండానే నవ్వుతుంది, ఆ నవ్వు నాకు తెలుసు. ప్రభువా, నీ పరువు ఈ పిడికెడు పిల్ల మీద పెట్టింది ఆ మనిషి, నన్నేం చేయమంటావు.

మైకులో పాట ఆగింది. ఇప్పుడు మా పాస్టరు అయ్యగారు లేస్తారు, లేచి హల్లెలూయ అంటారు, జనం హల్లెలూయ అంటారు, ఇదిగో, అన్నారు. అనగానే గోడవతల నుంచి తాహేరా టర్కీ పుంజులు రెండూ ఒక్క గొంతుతో గుళుగుళుగుళు అన్నాయి. వాటికి చెవులున్నాయి గాని చెవుల్లో తేడా లేదు, పెద్ద చప్పుడు ఏది విన్నా బదులు పలుకుతాయి, పటాకు పేలినా, లారీ హారన్ కొట్టినా, ఎవరైనా గట్టిగా తుమ్మినా. కాని హల్లెలూయకు పలికినట్టు దేనికీ పలకవు. ముక్కు మీద ఎర్ర తోలు వేలాడేసుకొని, తోక విసనకర్రలా విప్పుకొని, మెడ చాచి, మా సంఘంలో పెద్దలు కూడా అంత భక్తితో అనరు. ఇదే, మా ఇద్దరి మాట పోయింది ఇందుకే. మొదట్లో పిల్లలు నవ్వేవారు. తర్వాత ఆడవాళ్ళు కొంగు నోట్లో పెట్టుకున్నారు. తర్వాత అయ్యగారే బైబిలు మొహానికి అడ్డం పెట్టుకొని భుజాలు కదిలించడం నేను కళ్ళారా చూశాను. ఈస్టర్ నాడు బయటి ఊరి నుంచి పెద్ద బోధకుడు వచ్చాడు, గొంతు మంచి గొంతు, మాటమాటకూ హల్లెలూయ, అవి మాటమాటకూ గుళుగుళు. ఆయన మొదట ఆగాడు, తర్వాత ఎర్రబడ్డాడు, తర్వాత సాతాను గురించి చెప్పడం మొదలుపెట్టాడు. స్త్రీల సమాజానికి పెద్దను కదా నేను, ఆ మంటతోనే గోడ దగ్గరికి పోయాను, నీ కోళ్ళను కోసుకొని తిను లేకుంటే ఊరవతల కట్టేసుకో అని నోటికొచ్చినట్టు అన్నాను. తాహేరా తక్కువ తిన్నదా? "మీ మైకు బందు పెట్టుకోర్రి, నా కోళ్ళు బందయితయి," అంది. అంతే. ఈ ఏడు రంజాన్‌కు షీర్ ఖుర్మా గిన్నె గోడ మీదికి రాలేదు. మా ఆయన పొద్దంతా ఆ గోడ వంకే చూసి, సాయంత్రం నాతో, పాయసమన్నా చెయ్యరాదే, అన్నాడు. చేశాను. ఇద్దరం తినలేకపోయాం.

ఎండ జరిగింది. నేను జరిగాను.

పిల్ల వచ్చిన కొత్తలో బాగానే ఉంది. దీనికి తినడం రాదు, ఆ ముచ్చట ముందు చెప్పాలి. నాటుకోడి పిల్ల గుడ్డులోంచి వస్తూనే నేల పొడుస్తుంది, ఇది అట్లా కాదు, గింజల మీద నిలబడి ఆకలికి అరుస్తుంది గాని కిందికి చూడదు, తల్లి చూపించాలి. తల్లి లేదు. నేనే తల్లిని. గోటితో పళ్ళెం మీద టక్ టక్ కొట్టాను, మెడ ముందుకు చాచి టర్కీ పెట్టలాగా గొంతులో ఏదో చప్పుడు చేశాను, మా ఆయన తలుపు దగ్గర నిలబడి, ఇంకోసారి అనవే, మా అవ్వ యాదికొస్తాంది, అన్నాడు. మెరిసేది కనబడితే పొడుస్తుందని తాహేరా ఎప్పుడో చెప్పింది, అందుకని నా ఆకుపచ్చ గాజులు తీసి పళ్ళెంలో పెట్టాను, గాజుల మధ్య ఉడికిన గుడ్డు సొన, ఉల్లి ఆకు సన్నగా తరిగి. గాజును పొడవబోయి గుడ్డును పొడిచింది. పొడిచి తల ఎత్తి నా వంక చూసింది, ఇదేనా అని. ఇదే బిడ్డా. ఆ రోజు నాకు కలిగిన సంతోషం నా పిల్లలు మొదటి అడుగు వేసినప్పుడు కూడా కలిగిందో లేదో, అప్పుడు కూలి పనుల తొందరలో అడుగులెవరు చూశారు, ఇప్పుడు నాకు తీరిక ఉంది, కళ్ళున్నాయి, కింద కూర్చుంటే లేవడమే కష్టం.

ముసురు పట్టాక మొదలైంది. రెక్కలు వాలేసింది, మూల నిలబడి కునికింది, తెల్లగా పారుకుంది, గాజుల వంక చూడదు, గుడ్డు వంక చూడదు. ఆత్మకూర్‌లో ప్రైవేటు డాక్టరును అడిగి రమ్మంటే మా ఆయన అడిగి వచ్చాడు, బర్రె అయితే వస్తానన్నాడట, కోడిపిల్ల అనేసరికి ఫోన్ చూసుకున్నాడట, వచ్చినా ఆయన బండి పెట్రోలుకే ఇంకో టర్కీ వస్తుంది. పశువుల దవాఖానలో పనిచేసే మైసయ్య మా తమ్ముడి దోస్తు, వాడికి ఫోన్ చేశాను. వాడు ముందు నవ్వుకున్నాడు, దానికి సూది గుచ్చే జాగా గూడ లేదక్కా అన్నాడు, తర్వాత మనసు పెట్టి చెప్పాడు, వెచ్చగ ఉంచు, పొడిగ ఉంచు, బెల్లం నీళ్ళు చుక్క చుక్క తాపు, నీ నాటుకోళ్ళతోటి కలపకు. వెచ్చగ, పొడిగ. వెచ్చగ అన్నది బాగా విన్నాను. అట్టపెట్టెలో వరి పొట్టు పోసి, బల్బు వేలాడదీశాను, ముసురులో కరెంటు నిలిస్తే గదా. అప్పుడు వేడినీళ్ళ సీసా పెడదామంటే ఇంట్లో సరైన సీసా లేదు, మా ఆయన పోయి వైన్స్ వెనక పడేసిన క్వార్టర్ సీసాలు రెండు ఏరుకొచ్చాడు. బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి చుక్క ముట్టని మనిషి, అటూ ఇటూ చూసి, వంగి, సీసాలు జేబుల్లో వేసుకుంటుంటే మల్లీశ్వరి చూసింది. మల్లీశ్వరి చూసిందంటే వాడంతా చూసినట్టే. అయ్యగారు మరునాడు ఇంటికి వచ్చి, ఏమైనా ఇబ్బంది ఉందా బెంజమిన్, మనసు విప్పి చెప్పు, అని ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఈయన సిగ్గుపడుతూ అట్టపెట్టె చూపించాడు, పెట్టెలో సాక్సు తొడుక్కొని పడుకున్న క్వార్టర్ సీసా, దాన్ని ఆనుకొని పిల్ల. అయ్యగారు చాలాసేపు చూసి, ప్రార్థన చేసి పోయాడు. దేని కోసం చేశాడో మాకు సరిగా అర్థం కాలేదు.

ఇప్పుడు చెప్పాల్సింది నూనె సంగతి. అయ్యగారు ప్రార్థన చేసి పోయాడు కదా, నాకు అప్పుడు గుర్తొచ్చింది, టీవీ వెనక ప్రార్థన నూనె సీసా. పోయిన ఏడు సభలకు పోయినప్పుడు తెచ్చింది, అక్కడ సీసాలు వరసగా పెట్టి చేతులు చాపి ప్రార్థిస్తారు, మా వాడలో ఆ నూనె లేని ఇల్లు లేదు. నా మోకాళ్ళకు, మా ఆయన భుజానికి, పరీక్షల ముందు పిల్లల నుదుటికి, ఒకసారి స్టార్టు కాని మోటరుకు కూడా రాశాం. స్టార్టయింది. అట్లాంటి నూనె ఇంట్లో పెట్టుకొని గాజులు, గుడ్లు అంటూ తిరుగుతున్నానే అని నన్ను నేను తిట్టుకున్నాను. బడిలో వంటకు నూనె కొలిచి పోయాలి, ఎక్కువైతే సార్లు అడుగుతారు, తక్కువైతే కూర అడుగంటుతుంది. ఇక్కడ ఎవరు అడుగుతారు? దేవుడి దగ్గర పిసినారితనమెందుకని తల నుంచి తోక దాకా, రెక్కల కింద, పొట్ట మీద, మెత్తగా, కన్నీళ్ళతో, ఒక్క పోగు వదలకుండా పట్టించాను. పొడిగ ఉంచమన్నాడు మైసయ్య. నూనె తడి అని నాకు తట్టనే లేదు. నూనె అంటే నూనె, తడి అంటే నీళ్ళు.

రాసిన కాడి నుంచి వణుకు ఎక్కువైంది. నేను ప్రార్థన ఎక్కువ చేశాను. ఇవాళ పొద్దున గుడికి తయారై డోలక్ చంకన పెట్టుకొని, పోయేముందు ఒకసారి చూద్దామని మా ఆయన పెట్టెలో చెయ్యి పెట్టాడు. పెట్టి, చెయ్యి తీసి, వేళ్ళు వాసన చూశాడు. "గిదేందే, పిల్లను గోలించినవా?" అన్నాడు, వేపుడు కూర సంగతి అడిగినట్టు. నేను సీసా చూపించాను. ఆయన నవ్వలేదు. నాకు అదే భయమేసింది. "నూగు ఒంటికి అతుక్కపోయిందే, గాలి సక్కగ తోలుకే తగుల్తాంది. బట్టలిప్పి ముసుర్ల నిలవెట్టినట్టున్నది," అన్నాడు. దీన్ని ఇట్లా చేసింది నేనే. రోగం కొంత, నేను చాలా. డోలక్ కింద పెట్టి ఇద్దరం కూర్చున్నాం, కుంకుడుకాయలు కొట్టి, గోరువెచ్చని నీళ్ళు, ఆయన పట్టుకుంటే నేను రుద్దాను, నేను పట్టుకుంటే ఆయన పోశాడు, కళ్ళల్లో నురుగు పడకుండా ఆయన బొటనవేలు అడ్డం పెట్టాడు, మా కూతురు గ్లోరీకి తలంటు పోసినప్పుడు పెట్టినట్టే. మొదటి గంట కొట్టారు, రెండో గంట కొట్టారు, ఆయన తడి చొక్కాతోనే పరుగెత్తాడు. పోతూ పోతూ గేటు దగ్గర ఆగి, నూనెల తప్పు లేదే, నువ్వు పోసుడే జర ఎక్కువైంది, అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను ఇంత బాగా ఓదార్చిన మాట ఇంకొకటి లేదు.

మబ్బు పట్టింది. చూస్తుండగానే పెరడంతా నల్లబడింది, గాలి లేచింది, చినుకు కాదు గాని చినుకు వాసన. ఇప్పుడేం చేయాలి, లోపల కరెంటు లేదు, గుడి మైకుకున్న బ్యాటరీ మా బల్బుకు లేదు, సీసాలో నీళ్ళు చల్లారాయి, పొయ్యి ముట్టించాలంటే దీన్ని కింద పెట్టాలి, కింద పెట్టబుద్ధి కాలేదు. చెయ్యి దానంతటదే పోయింది. కొంగు తీసి, రవిక పై గుండీ విప్పి, బనీను ముక్క పారేసి, తడి పిల్లను రొమ్ముల మధ్యకు తోశాను. ఒళ్ళు జలదరించింది. గోళ్ళు గుచ్చుకున్నాయి, చిన్న చల్లటి కాళ్ళు, పొట్ట దగ్గర ఇంకా చల్లగా, కితకితలు, నాకు నేనే నవ్వుకున్నాను, ఈ వయసులో, ఈ బండ మీద, ఆదివారం పూట. కొంగు చుట్టూ బిగించి, రెండు చేతులూ అడ్డం పెట్టుకొని గోడకు ఆనుకున్నాను.

ఇట్లాగే కూర్చుంది మా అత్త ఉప్పలమ్మ. గ్లోరీ ఏడో నెలలో పుట్టింది, పుట్టినప్పుడు ఏడవలేదు, గోళ్ళు రాలేదు, చెవులు అతుక్కొని ఉన్నాయి. మంత్రసాని బట్టలో చుట్టి, ఆశ పెట్టుకోకండి అంది. దవాఖానలో పెట్టెలుంటాయన్నారు, ఆ దవాఖాన పాలమూరులో, బస్సు రేపు, చేతిలో ఏమీ లేదు, భూమి లేదు, అప్పుడు మాకున్నదల్లా పరాయివాళ్ళ చేలల్లో నడుములు. మా అత్త ఎవరినీ ఏమీ అడగలేదు. రవిక విప్పేసి, బిడ్డను బట్టలోంచి తీసి ఒంటికి ఒళ్ళు ఆనించుకొని, చీర చుట్టుకొని, గోడకు ఆనుకొని కూర్చుంది. తిండి ఎవరో నోట్లో పెడితే తినేది. నాట్లేసేటప్పుడు పాడే పాటలు ఒకదాని వెనక ఒకటి పాడేది, పెదవులు కదిలీ కదలకుండా. బిడ్డను పాలకు నాకిచ్చి మళ్ళీ లాక్కునేది, నీ ఒంట్ల సత్తువ లేదు, నీ వేడి నువ్వు దాసుకో, అనేది. నేను లోపల పడుకొని ఆమె మీద కోపం తెచ్చుకునేదాన్ని, నా బిడ్డను నాకివ్వదేమని. గ్లోరీ ఇప్పుడు హైదరాబాద్ దవాఖానలో నర్సు. మొన్నొకసారి ఫోన్‌లో చెప్పింది, అమ్మా, నెలలు నిండని పిల్లలకు ఇప్పుడు మేము గట్లనే చేయిస్తం, తల్లి ఒంటికి ఆనిచ్చి కట్టేస్తం, దానికొక పెద్ద పేరు పెట్టిన్రు. ఇంగ్లీషు పేరేదో చెప్పింది. నేను విన్నాను, మరిచిపోయాను. నాకు ఉప్పలమ్మ పేరు చాలు.

అత్తా, ఇది బిడ్డ కాదు, కోడిపిల్ల. నవ్వుకో. అయినా చెయ్యి అదే చేసింది చూడు, ఎక్కడ నేర్చుకుందో.

ఏదో ఆటో చప్పుడు. కొంగు ఇంకా బిగించాను. ఉల్లిగడ్డల ఆటో. కిలో ఇంత అని మైకులో అరుచుకుంటూ పోయింది, గోడవతల పుంజులు దానికీ బదులు పలికాయి. వీటికి నిజంగా తేడా లేదు, ఉల్లిగడ్డలకూ హల్లెలూయే. నవ్వొచ్చింది, నవ్వితే రొమ్ము కదిలింది, కదిలితే లోపల అది కూడా కదిలింది. కాలుతో తన్నింది. మళ్ళీ తన్నింది. చల్లదనం లేదు, ఎప్పుడు పోయిందో పోయింది, లోపల వెచ్చగా, మెత్తగా, పొడిగా, ఇందాక ముళ్ళలా ఉన్న నూగు ఇప్పుడు వేలికి తగలనంత తేలిగ్గా ఉబ్బి ఉంది. కొంగు కాస్త తొలగించి చూశాను. ఒక కన్ను. నల్లగా, గుండ్రంగా, నా వంకే. అరుపు లేదు. చూపు మాత్రం ఉంది, గాజుల మధ్య గుడ్డు పొడిచినప్పటి చూపు, ఇదేనా అని. ఇదే బిడ్డా, ఇదే, అన్నాను పైకే. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. అరవరాదే, ఒక్కసారి. రెండు దినాల నుంచి నీ గొంతు వినలేదు. ఒక చెయ్యి విడిపించుకొని, పక్కనున్న గిన్నెలోంచి దాని నోట్లోకి బెల్లం నీళ్ళు రెండు చుక్కలు వేశాను, మింగింది, ముక్కు నా రవిక అంచుకు తుడుచుకుంది.

అప్పుడు గేటు కిర్రుమంది. ఆటో చప్పుడే వినలేదు నేను. తాహేరా. బురఖా అంచుకు బురద, ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో మిఠాయి డబ్బా, వాళ్ళింటి తాళం కూడా తీయలేదు, నేరుగా ఇక్కడికే. ఏదక్కా, అంది, తలుపు దగ్గరున్న అట్టపెట్టె వంక చూసింది, ఖాళీ పెట్టె, ఖాళీ పొట్టు, సాక్సులో సీసా, దాని మొహం మారిపోయింది. నేను నోరు తెరిచాను, అన్నీ వరసగా చెప్పాలనుకున్నాను, ముసురు, కరెంటు, మైసయ్య, వచ్చింది మాత్రం ఒక్కటే.

"ప్రార్థన నూనె రాసిన తాహేరా. ఇంతగనం పోసిన. దాంతోటే సలి పట్టింది. ఇగ తిడితే తిట్టు."

అది నా వంక చూసింది, నా కొంగు వంక చూసింది, వచ్చి బండ మీద నా పక్కన కూర్చుంది. వంగి నా రవికలోకి చూసి వాసన పీల్చింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. గోడ మీంచి చూసి నవ్వే ఆ నవ్వు కాదు, ఈస్టర్ ముందరి నవ్వు, కడుపు పట్టుకొని నవ్వే నవ్వు. ఉమేరాకు ఆడపిల్లట, పుట్టగానే దవాఖాన లేచిపోయేటట్టు ఏడ్చిందట, కాన్పయ్యే దాకా తాను దర్గా మెట్ల మీదే కూర్చుందట, ఉమేరా కోసం మొక్కి, చివర దీని కోసం కూడా ఒక మాట వేసిందట. సంచిలో తడిమి నల్లదారం తీసింది, కాలికి కట్టడానికట. నీ యేసుకు తోడుంటదని తెచ్చిన, అంది. ఇద్దరం ఆ నల్లదారం చూసి మళ్ళీ నవ్వాం. నవ్వు ఆగాక అది దారాన్ని వేలికి చుట్టుకుంటూ, నా వంక చూడకుండా, మెల్లగా చెప్పింది.

"మా ఆడబిడ్డ అడిగిందక్కా, పిల్లను నాకియ్యి, నేను సాదుత అని. నేనే ఇయ్యలే."

"ఎందుకే?"

"ఆమెకిస్తె నువ్వు నాతోటి మళ్ళ ఎట్ల మాట్లాడుతవు?"

పిల్ల మీద కొంగు సర్దాను. ఇన్ని రోజులు నేను దేవుడి పరువు మోస్తున్నాననుకున్నాను, తాహేరా గంపలో పెట్టి గోడ దాటించింది వేరే. పిల్ల బతికినా, బతకకపోయినా, ఆమె ఈ గేటు తీసేదే. ఆ మాట ముందే తెలిస్తే అంత నూనె పోసేదాన్ని కాదు కదా. మబ్బు విడిపోయింది, ఎండ మళ్ళీ బండ మీదికొచ్చింది, మా ఇద్దరి కాళ్ళ మీద పడింది. మైకులో ఆఖరి ప్రార్థన అయింది, అయ్యగారు గొంతెత్తి హల్లెలూయ అన్నారు, జనం అన్నారు, గోడవతల పుంజులు రెండూ మెడలు చాచి గుళుగుళుగుళు అన్నాయి. ఆ వెనకే, నా రొమ్ముల మధ్య నుంచి, సన్నగా, బొంగురుగా, కీ.

తాహేరా నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం కదలకుండా విన్నాం. ఇంకోసారి కీ. తర్వాత ఆగకుండా, ఆకలితో, ఊరందరికీ ఫిర్యాదు చేస్తున్నట్టు కీ కీ కీ. గుడి దగ్గర ఆఖరి పాటకు అందుకున్న డోలక్ నడుమనే ఆగిపోయింది, ఇంకా దీవెన కూడా అయిపోలేదు, ఆగిపోయింది, ఆయన లేచి ఉంటాడు, వస్తూ ఉంటాడు తడి చొక్కాతో. తాహేరా పిల్లను తీసుకోవడానికి నా కొంగులో చెయ్యి పెట్టబోయింది.

"ఉండనియ్యి. ఇంకా ఆరలే. కూసో జర," అన్నాను.

అది ఎప్పుడో ఆరింది. తాహేరా వేళ్ళకు ఆ పొడి నూగు తగిలింది కూడా. అయినా చెయ్యి తీసేసి, అవునక్కా, ఇంకా తడే ఉన్నది, అని చెప్పులు విడిచి, కాళ్ళు బండ మీదికి పెట్టుకొని, మిఠాయి డబ్బా మూత తీసింది.